ఎవరో రాసిన 11 లైన్లు

2018 ఫిబ్రవరిలో ఐఫోన్‌కి ఒక తెలుగు అక్షరం మింగుడుపడలేదు. ‘జ్ఞా’ని ఒక ప్రత్యేకమైన వరుసలో టైపు చేయాలి. ముందు జ, దానికి పొల్లు, తర్వాత ఞ, ఆ వెనకే కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు, చివర దీర్ఘం. ఈ వరుసతో మెసేజ్ పంపితే చాలు, అందుకున్నవాళ్ల ఫోన్లో ఆ యాప్ ఠక్కున మూసుకుపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ అదే తంతు. వాట్సాప్, జీమెయిల్, ఫేస్‌బుక్ మెసెంజర్, చివరికి ఆపిల్ సొంత మెసేజెస్ యాప్ కూడా. అదే అక్షరం నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీనే కుప్పకూలేది. ఆకతాయిలకు పండగ దొరికినట్టయింది. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేస్తే గానీ ఆ గోల సద్దుమణగలేదు.

వాట్సాప్ రాసినవాళ్లు వేరు, జీమెయిల్ రాసినవాళ్లు వేరు. ఒకరి కోడ్ ఒకరు చూసి ఉండరు. అయినా అన్నీ ఒకే అక్షరం దగ్గర ఎందుకు బోల్తాపడ్డాయి? అక్షరాలను తెరమీద పేర్చే పని ఆ యాప్‌లలో ఏదీ సొంతంగా చేసుకోదు కాబట్టి. ఆ పనిని ఆపిల్ ఇచ్చిన కోర్‌టెక్స్ట్ అనే ఉమ్మడి మాడ్యూల్‌కి అప్పగించి ఊరుకుంటాయి. తప్పు అందులో ఉంది. దాన్ని నమ్ముకున్నవాళ్లందరూ దానితోపాటే పడ్డారు.

అలాగని నమ్ముకోవడం తెలివితక్కువ పనేమీ కాదు. ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో, గుడి పెడితే తలకట్టు ఏమవ్వాలో అమెరికాలోని ఒక యాప్ కంపెనీకి తెలియనక్కర్లేదు. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ ఈ పనికి హార్ఫ్‌బజ్ అనే ఉచిత మాడ్యూల్‌ని వాడుకుంటాయి. దాన్ని రాసినవాళ్లు భారతీయ లిపుల నియమాలను ఒక్కసారి కూర్చుని రాశారు. ఆ ఒక్క శ్రమ మీద కొన్ని వందల సాఫ్ట్‌వేర్‌లలో తెలుగు సరిగ్గా కనిపిస్తోంది. అదే లేకపోతే ప్రతి యాప్‌వాళ్లనూ మన ‘క్ష్మ్య’ గురించి బతిమాలుకోవాల్సి వచ్చేది. బతిమాలినా వినేవాళ్లు తక్కువే.

ప్రోగ్రామర్లు మాడ్యూల్ అన్నా, లైబ్రరీ అన్నా, ప్యాకేజీ అన్నా కాస్త తేడాలతో చెప్పేది ఒకటే: ఎవరో ఒకరు రాసి, పరీక్షించి, పేరు పెట్టి, మిగతావాళ్లు తెచ్చి వాడుకునేలా పెట్టిన కోడ్ ముక్క. ఇంట్లో సాంబారు పొడి దంచుకోవడం మానేసి దుకాణంలో ప్యాకెట్ కొన్నట్టు. తేదీ లెక్కలు, లాగిన్, ఫొటో చిన్నది చేయడం, డబ్బు చెల్లింపు, పీడీఎఫ్ తయారీ, అన్నిటికీ ప్యాకెట్లు ఉన్నాయి. ఈ రోజుల్లో ఒక ఉద్యోగి ఒక ప్రాజెక్టుకు సొంతంగా రాసే కోడ్ కంటే, ఆ ప్రాజెక్టులోకి బయటినుంచి వచ్చి చేరే కోడ్ ఎన్నో రెట్లు ఎక్కువ. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో జావా నేర్చుకునే కుర్రాడు కొద్ది నెలల్లోనే స్ప్రింగ్ లాంటి పెద్ద లైబ్రరీని వాడటం మొదలుపెడతాడు. దాని లోపలికి తొంగిచూసే సందర్భం మాత్రం చాలామందికి ఉద్యోగంలో పదేళ్లు గడిచినా రాదు. ఈ వ్యాసం బాధ అంతా ఆ తొంగిచూడటం గురించే.

ఇతరుల కోడ్ తెచ్చి వాడుకునే అలవాటు కంప్యూటర్ పుట్టిననాటిది. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో మారిస్ విల్క్స్ బృందం తయారుచేసిన ఎడ్సాక్ కంప్యూటర్ 1949 మే 6న మొదటిసారి పనిచేసింది. ప్రోగ్రాములను కాగితపు టేపు మీద రంధ్రాలుగా కొట్టేవారు. కొద్ది రోజుల్లోనే ఒక సంగతి తెలిసొచ్చింది: ప్రోగ్రాము రాయడం కంటే అందులోని తప్పులు వెతకడానికే ఎక్కువ సమయం పోతోంది. ఇక మిగిలిన జీవితంలో మంచి భాగం తన తప్పులు తానే వెతుక్కోవడంలో గడిచిపోతుందని మెట్లెక్కుతుండగా అర్థమైందని విల్క్స్ తర్వాత రాసుకున్నాడు. దానికి విరుగుడుగా, సరిగ్గా పనిచేస్తుందని తేలిన ముక్కలను విడివిడి టేపులుగా ఒక బీరువాలో భద్రపరచడం మొదలుపెట్టారు. వర్గమూలం కావాలా? ఆ టేపు తీసి, దాని నకలు యంత్రంతో నీ టేపు మీదికి ఎక్కించుకో. 1951 నాటికి ఆ బీరువాలో అందరికీ పనికొచ్చే ముక్కలు 87 చేరాయి.

ఇందులో అసలు చిక్కుముడి విప్పినవాడు డేవిడ్ వీలర్ అనే విద్యార్థి. ఇతరుల ముక్కలోకి వెళ్లాక, పని అయిపోయి, మళ్లీ మన ప్రోగ్రాములో ఎక్కడికి తిరిగి రావాలి? ఒకే ముక్కను పది చోట్లనుంచి పిలిస్తే పది తిరుగు చిరునామాలు కావాలి. ఎడ్సాక్‌కి ‘వెనక్కి వెళ్లు’ అనే ఆదేశమే లేదు. పిలిచేవాడు తన చిరునామాను వెంట పంపాలి, పిలిపించుకున్న ముక్క ఆ చిరునామాను తన చివరి ఆదేశంలో తానే రాసుకోవాలి. వీలర్ చూపిన దారి అది. అంటే ప్రోగ్రాము నడుస్తూ నడుస్తూ తనను తాను దిద్దుకుంటుందన్నమాట. దీన్ని ‘వీలర్ జంప్’ అంటారు. ఆయనే 1952లో రాసిన చిన్న పత్రంలో ఇంకో మాట అన్నాడు: ముక్కను రాయడం, పరీక్షించడం అయ్యాక కూడా, లోపల ఏముందో తెలియనివాళ్లు సులువుగా వాడుకునేలా వివరణ రాసే పని మిగిలే ఉంటుంది, బహుశా అన్నిటికంటే కష్టమైంది అదే అని. డాక్యుమెంటేషన్ సరిగ్గా లేని లైబ్రరీతో ఒక వారం కుస్తీ పట్టిన ఎవరికైనా ఆ మాట నిన్నమొన్న రాసినట్టే ఉంటుంది.

1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఏర్పాటుచేసిన సదస్సులో డగ్ మెక్‌ఇల్‌రాయ్ అనే బెల్ ల్యాబ్స్ పరిశోధకుడు సాఫ్ట్‌వేర్‌కి విడిభాగాల పరిశ్రమ కావాలని వాదించాడు. ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు కేటలాగు చూసి రెసిస్టర్ ఎంచుకున్నట్టు, ప్రోగ్రామరు తనకు కావలసిన ముక్కను, కావలసిన వేగంలో, కావలసిన కచ్చితత్వంతో ఎంచుకోగలగాలని ఆయన కోరిక. కేటలాగు వచ్చింది గానీ అమ్మే పరిశ్రమగా రాలేదు, ఉచితంగా వచ్చింది. పెర్ల్ భాషవాళ్లు 1995లో సీపాన్ తెరిచారు. పైథాన్‌కి 2003లో పైపీఐ వచ్చింది, జావాస్క్రిప్ట్‌కి 2010లో ఎన్‌పీఎం. ఈ చివరిదానితో ముక్కల పరిమాణం బాగా చిన్నదైపోయింది. ఎంత చిన్నదంటే, ఒక్క పని చేసే పది పదిహేను లైన్లకు కూడా ఒక పేరు, ఒక వెర్షన్ నంబరు.

2016 మార్చి 22న జరిగిన గొడవకు మూలం ఆ చిన్న పరిమాణమే. అజర్ కోచులు అనే ప్రోగ్రామరు ‘కిక్’ అనే పేరుతో ఒక ప్యాకేజీ పెట్టుకున్నాడు. అదే పేరున్న మెసేజింగ్ కంపెనీ ఆ పేరు తమకు కావాలంది. మాటామాటా పెరిగింది. ఎన్‌పీఎం యాజమాన్యం ఆ పేరును కంపెనీకి ఇచ్చేసింది. ఒళ్లుమండిన కోచులు తన ప్యాకేజీలన్నీ, 273 మాడ్యూళ్లు, ఒక్కసారిగా అక్కడినుంచి తీసేశాడు. వాటిలో ఒకటి లెఫ్ట్‌ప్యాడ్. 11 లైన్లు.

లెఫ్ట్‌ప్యాడ్ చేసే పని ఏమిటంటే, ఒక మాటకో అంకెకో ఎడమవైపు ఖాళీలో సున్నాలో చేర్చి కావలసిన పొడవుకు తేవడం. 7ని 0007 చేయడం. అంతే. కానీ దాన్ని బేబెల్ లాంటి ప్రసిద్ధ టూల్ వాడుకునే ఇంకో ప్యాకేజీ, ఆ ప్యాకేజీని వాడుకునే వేరొకటి, ఇలా గొలుసులో ఎక్కడో కింద అది ఇరుక్కుని ఉంది. ‘ఇన్‌స్టాల్’ అని కొట్టినప్పుడు మనం అడిగింది ఒకటే అయినా, అది అడిగినవి, అవి అడిగినవి అన్నీ వరసగా దిగుతాయి. ఒక్కటి దొరక్కపోయినా ప్రోగ్రాము తయారీ (బిల్డ్) ఆగిపోతుంది. ఆ రోజు ప్రపంచమంతా ఎర్రటి అక్షరాల్లో తాము ఎన్నడూ వినని పేరు చూసి తలలు పట్టుకున్నారు. రెండు గంటలు దాటాక ఎన్‌పీఎం తన నియమాన్ని పక్కనపెట్టి, తొలగించిన వెర్షన్‌ని తిరిగి పెట్టింది. తర్వాత, ఎవరు పడితే వారు పాత ప్యాకేజీని ఒక్కసారిగా తీసేయడానికి వీల్లేకుండా నిబంధన మార్చింది. జావాస్క్రిప్ట్ భాషలోనే ఈ పని చేసే సౌకర్యం 2017 ప్రమాణంలో చేరింది.

‘11 లైన్లు కూడా రాసుకోలేరా’ అని అప్పుడు చాలామంది ఎగతాళి చేశారు. ఎగతాళి చేసినవాళ్లలో ఎంతమంది ఆ 11 లైన్లను తెరిచి చూశారో అనుమానమే. చూస్తే అందులో ఒక మంచి పాఠం ఉంది.

కోడ్ మొదట చేసే పని, వచ్చినది ఏదైనా సరే దాన్ని అక్షరాల వరుసగా మార్చుకోవడం. 7 అనే అంకెకు పొడవు ఉండదు, ‘7’ అనే అక్షరానికి ఉంటుంది కాబట్టి. తర్వాత, ఎడమవైపు ఏ అక్షరంతో నింపాలో పిలిచినవాడు చెప్పకపోతే ఖాళీతో నింపాలి. ఇక్కడ కొత్తగా నేర్చుకునేవాళ్లు చాలామంది ‘నింపే అక్షరం లేకపోతే ఖాళీ తీసుకో’ అని రాసి సరిపెడతారు. కోచులు రాసింది వేరు: నింపే అక్షరం లేకపోతే, అది సున్నా కూడా కాకపోతే, అప్పుడే ఖాళీ. ఆ రెండో షరతు ఎందుకు? జావాస్క్రిప్ట్ దృష్టిలో సున్నా అంటే ‘లేదు’ అనే లెక్క. ఆ షరతు లేకుండా బిల్లు నంబరు 7ని సున్నాతో నింపమంటే, సున్నా ఇచ్చినా ఇవ్వలేదనుకుని మూడు ఖాళీలు పెట్టి 7 చూపిస్తుంది. తప్పు సందేశం ఏదీ రాదు, ప్రోగ్రాము ఆగదు. ఎప్పుడో ఎవరో బిల్లు ప్రింటు తీసినప్పుడు గానీ బయటపడదు.

చివర ఒక లూపు. కావలసిన పొడవు వచ్చేదాకా ఒక్కో అక్షరాన్ని ఎడమన అతికిస్తూ పోతుంది. నాలుగు సున్నాలకైతే ఇబ్బంది లేదు. లక్ష కావాలంటే లక్షసార్లు అతికించాలి. ఇదే ప్యాకేజీ తర్వాతి వెర్షన్లలో ఈ లూపు మారింది. ఒకటిని రెండు, రెండును నాలుగు, నాలుగును ఎనిమిది చేసుకుంటూ అవసరమైన చోట కలుపుతుంది. లక్ష అక్షరాలు 17 చుట్లలో తయారవుతాయి. పాత వెర్షన్‌నీ కొత్త వెర్షన్‌నీ పక్కపక్కన పెట్టుకుని చదివితే అరగంట పని. ఒక క్లాసులో వారం చెప్పే విషయం అందులో ఉంది.

చదివి నేర్చుకోవడం అన్న మాట వస్తే ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం అధ్యాపకుడు జాన్ లయన్స్‌ను తలుచుకోకుండా ఉండలేం. 1976లో ఆయన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఆరో సంచిక సోర్స్ కోడ్‌ని, దాదాపు 9,000 లైన్లు, ఒక పుస్తకంగా అచ్చువేయించి, దానికి విడిగా వివరమైన వ్యాఖ్యానం రాసి తన విద్యార్థులకు పాఠం చెప్పాడు. కావ్యానికి టీక రాసినట్టు కంప్యూటర్ కోడ్‌కి టీక! తర్వాత కొన్నేళ్లకే యూనిక్స్ యజమాని ఏటీ అండ్ టీ, తరగతి గదిలో సోర్స్ కోడ్ చెప్పకూడదని లైసెన్స్ బిగించింది. అప్పట్నుంచి ఆ పుస్తకం జిరాక్సుల మీద జిరాక్సులుగా, అక్షరాలు అలుక్కుపోయినా, చేతులు మారుతూ తిరిగింది. అధికారికంగా అచ్చయింది 1996లో. అంటే ఏళ్ల తరబడి ఒక తరం ఇంజినీర్లు దొంగచాటుగా చదువుకున్న పాఠ్యపుస్తకం అది. ఇప్పుడు ఏ లైబ్రరీ కోడ్ కావాలన్నా ఫోన్లో దొరుకుతుంది. అయినా అంత ఆత్రంగా చదివేవాళ్లు కనిపించరు.

కొన్నిచోట్ల రాసినవాళ్లే టీక కూడా పెట్టి ఉంచారు. పైథాన్‌లో ఒక జాబితాను క్రమంలో పెట్టమంటే లోపల పనిచేసేది 2002లో టిమ్ పీటర్స్ రాసిన టిమ్‌సార్ట్. ఆయన కోడ్‌తోపాటు ఒక సాదా టెక్స్ట్ ఫైలు రాసి పెట్టాడు, అది ఇప్పటికీ పైథాన్ సోర్స్‌లో ఉంది. నిజ జీవితంలోని జాబితాలు పూర్తిగా చిందరవందరగా ఉండవన్నది ఆయన గమనించిన విషయం. హాజరుపట్టీలో పాత పేర్లన్నీ వరసలోనే ఉంటాయి, కొత్తగా చేరిన నలుగురు చివర ఉంటారు. అలాంటప్పుడు అన్నిటినీ మొదట్నుంచీ కలపడం దండగ. ఇప్పటికే వరసలో ఉన్న ముక్కలను గుర్తించి, వాటిని తెలివిగా జత చేస్తే చాలు. ఏ పద్ధతి ఎందుకు వదిలేశాడో, ఏ కొలత ఎలా తేలిందో ఆ ఫైల్లో కబుర్లు చెప్పినట్టు రాశాడు. పాఠ్యపుస్తకాలు గెలిచిన ఆలోచనను మాత్రమే చూపిస్తాయి, ఓడిపోయినవి ఇలాంటి చోటే దొరుకుతాయి.

టిమ్‌సార్ట్ బాగుందని జావావాళ్లూ ఆండ్రాయిడ్‌వాళ్లూ తెచ్చుకున్నారు. 2015లో ఐరోపా పరిశోధకులు కొందరు అది సరైనదేనని గణితపరంగా నిరూపిద్దామని కూర్చున్నారు. నిరూపణ కుదరలేదు. ఎందుకు కుదరడం లేదా అని తవ్వితే బగ్ బయటపడింది. కొన్ని ప్రత్యేక జాబితాలు ఇస్తే జావా వెర్షన్ కుప్పకూలేది. పదమూడేళ్లు, కోట్లాది యంత్రాలు, ఎవరి కంటా పడలేదు. నకలుతోపాటు తప్పు కూడా నకలైంది.

ఇలాంటిదే ఇంకొకటి, మరీ ఇబ్బందికరమైంది. వరసలో ఉన్న జాబితాలో ఒక పేరు వెతకాలంటే మధ్యకు వెళ్లి, ముందుందో వెనకుందో చూసి, ఆ సగంలో మళ్లీ మధ్యకు వెళ్లడం అందరికీ తెలిసిన పద్ధతి. ‘మధ్య’ ఎలా కనుక్కోవాలి? మొదలును చివరను కూడి రెండుతో భాగించాలి. ఐదో తరగతి లెక్క. జాన్ బెంట్లీ 1986లో వచ్చిన తన ప్రసిద్ధ పుస్తకంలో అలాగే రాశాడు. ఆయన పాఠం విన్న జాషువా బ్లాక్ జావా లైబ్రరీలో అలాగే రాశాడు. కానీ జావాలో మామూలు పూర్ణాంకం 2,14,74,83,647 దాటితే రుణసంఖ్య అయిపోతుంది. జాబితా నూరు కోట్లు దాటి పెద్దదైతే ఆ కూడిక అక్కడికి చేరుతుంది, ‘మధ్య’ సున్నాకంటే కిందికి పోతుంది. సుమారు తొమ్మిదేళ్ల తర్వాత ఈ సంగతి తేలింది. 2006లో బ్లాక్ తానే ఆ కథంతా బహిరంగంగా రాశాడు. చివరలోంచి మొదలు తీసేసి, వచ్చినదాంట్లో సగం మొదలుకు కలిపితే సరి. 1986లో నూరు కోట్ల జాబితా అంటే ఎవరి ఊహకూ అందనిది కాబట్టి అప్పటి కోడ్ అప్పటికి సరైనదే.

అప్పటికి సరైనది ఇప్పటికి సరైనది కాకపోతే ఏమవుతుందో 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూలో ఆకాశంలో కనిపించింది. ఐరోపా కొత్త రాకెట్ ఏరియాన్ 5 తొలి ప్రయాణంలోనే, 40 సెకన్లు కూడా నిండకుండా, దారి తప్పి ముక్కలైంది. దిశ లెక్కగట్టే పరికరంలోని సాఫ్ట్‌వేర్‌ని ఏరియాన్ 4 నుంచి తెచ్చుకున్నారు. అక్కడ అది మచ్చలేనిది. అందులో అడ్డంగా సాగే వేగానికి సంబంధించిన ఒక పెద్ద సంఖ్యను 16 బిట్ల చిన్న గదిలో పెట్టే చోటు ఉంది. ఆ గదిలో 32,767 వరకే పడుతుంది. ఏరియాన్ 4 అంత వేగం అందుకోదు కాబట్టి ఆ చోట రక్షణ పెట్టలేదు. అలా మార్చే ఏడు సంఖ్యల్లో నాలుగింటికి రక్షణ పెట్టి, మూడింటిని లెక్కకట్టి మరీ వదిలేశారు. ఏరియాన్ 5 దారి వేరు, వేగం ఎక్కువ. గది పొంగింది. అసలు పరికరం ఆగింది. ఆదుకోవాల్సిన రెండో పరికరంలోనూ అదే కోడ్ ఉంది కాబట్టి అదీ ఆగింది. అన్నిటికంటే బాధ కలిగించేది ఇంకొకటి: ఆ లెక్క ఏరియాన్ 5కి పైకి లేచాక అవసరమే లేదు. పాతదాంట్లో ఉంది కదా అని కొనసాగించారు.

విచారణ సంఘం నివేదికలో ఈ వివరాలన్నీ ఉన్నాయి. ఇతరుల కోడ్ తెచ్చుకునే ప్రతివాళ్లూ ఒకసారి చదవదగ్గ నివేదిక. కోడ్‌లో ఏముందో చదివితే సరిపోదని, ఏమి లేదో, అది ఎందుకు లేదో కూడా తెలియాలని ఇంత ఖరీదుగా చెప్పిన పత్రం మరొకటి దొరకడం కష్టం.

ఇక చదివినా దొరకనివి ఉన్నాయి. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీని లాసె కోలిన్ అనే ఒక్క మనిషి ఏళ్ల తరబడి తీరిక వేళల్లో చూసుకుంటూ వచ్చాడు. ‘జియా తాన్’ పేరుతో ఒకరు వచ్చి రెండేళ్లకు పైగా ఓపిగ్గా సాయం చేశారు. మరికొన్ని పేర్లు, పనులు నత్తనడకన సాగుతున్నాయని కోలిన్‌ను సతాయించాయి. చివరికి జియా తాన్‌కు బాధ్యతలు దక్కాయి. 2024 మొదట్లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో సర్వర్లలోకి దొంగదారి తెరిచే కోడ్ చేరింది. అందరూ చూసే సోర్స్‌లో అది నేరుగా కనిపించదు. పరీక్షల కోసం పెట్టిన పాడైన ఫైళ్ల రూపంలో దాక్కుంది, దాన్ని బయటికి లాగే స్క్రిప్టు విడుదల చేసిన కట్టలో మాత్రమే ఉంది. అది పట్టుబడింది ఎలాగంటే, ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు వేరే పనేదో కొలుస్తుండగా సర్వర్‌లోకి లాగిన్ అవడానికి అర సెకను అదనంగా పడుతోందనిపించి వదల్లేదు. మార్చి 29న ఆయన బయటపెట్టేనాటికి ఆ వెర్షన్లు ముఖ్యమైన లినక్స్ పంపిణీల స్థిరమైన విడుదలల్లోకి ఇంకా చేరలేదు. అర సెకను తేడాను పట్టించుకునే మనిషి ఉండబట్టి సరిపోయింది.

అంత దూరం వెళ్లకుండానే మోసపోయే దారులూ ఉన్నాయి. 2017లో ఎన్‌పీఎంలో ఒక ప్రసిద్ధ ప్యాకేజీ పేరులోని అడ్డగీత తీసేసి, అచ్చం అలాంటి పేరుతో ఎవరో ఇంకోటి పెట్టారు. తొందరలో గీత మరిచి టైపు చేసినవాళ్ల కంప్యూటర్ రహస్య సెట్టింగులు దాని యజమానికి వెళ్లిపోయేవి. ఇప్పుడు ఏఐ టూల్స్ అసలు లేని ప్యాకేజీల పేర్లు కూడా నమ్మకంగా చెబుతున్నాయి. ఆ పేర్లను ముందే రిజిస్టరు చేసి కాచుకునేవాళ్లకు అది సులువైన వల.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఒక ప్యాకేజీని తీసుకునే ముందు కోడ్ కంటే ముందు దాని చుట్టుపక్కల చూస్తారు. చివరిసారి ఎప్పుడు మార్చారు, వచ్చిన ఫిర్యాదులకు ఎవరైనా జవాబిస్తున్నారా, ఇది వస్తూ వస్తూ ఇంకెన్నిటిని వెంటేసుకొస్తోంది, ఒక్క మనిషి మీద నిలబడిందా. మెచ్చినవాళ్లు పెట్టే స్టార్లు ఎన్ని వచ్చాయన్నది పెద్దగా లెక్కలోకి రాదు. వెర్షన్ నంబరును కచ్చితంగా బిగించి, ఆ నంబర్లు రాసిన ఫైలును ప్రాజెక్టుతోపాటే దాచుకుంటారు. పది లైన్ల పనైతే సొంతంగానే రాసుకుంటారు, రాశాక లైబ్రరీవాళ్లు ఎలా రాశారో పోల్చి చూసుకుంటారు. నిజంగా నేర్పేది ఈ పోలికే. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ, తేదీల లైబ్రరీ మాత్రం ఎంత చిన్న అవసరమైనా సొంతంగా మొదలుపెట్టరు. టైమ్‌జోన్‌ల సంగతి ఒకసారి లోతుగా చూసినవాళ్లకు ఆ ధైర్యం మిగలదు.

చదవడం ఎక్కడ మొదలుపెట్టాలన్నదానికి చాలామంది సీనియర్లు చెప్పే జవాబు పరీక్షల ఫోల్డరు. లైబ్రరీ ఏం చేయాలో, ఏ వింత సందర్భంలో ఎలా ప్రవర్తించాలో అక్కడ ఉదాహరణలతో సహా ఉంటుంది. ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్లోనూ ఉండే, వాట్సాప్ సందేశాలు దాచుకునే ఎస్‌క్యూలైట్‌ని చూడండి. రిచర్డ్ హిప్ 2000లో మొదలుపెట్టిన ఈ చిన్న డేటాబేస్‌లో అసలు కోడ్‌కి దాదాపు 590 రెట్లు పరీక్షల కోడ్ ఉందని దాని తయారీదారులు చెబుతారు. డిస్కు నిండిపోతే? రాస్తుండగా కరెంటు పోతే? మెమరీ అడిగితే దొరక్కపోతే? ఒక్కొక్కదాన్నీ కృత్రిమంగా సృష్టించి చూస్తారు.

ఇక ఉచితం అంటే షరతులు లేవని కాదు. 2003లో లింక్‌సిస్ కంపెనీ వైఫై రౌటర్‌లో లినక్స్ కోడ్ ఉందని కొందరు ఔత్సాహికులు గమనించారు. ఆ కోడ్ జీపీఎల్ లైసెన్స్ కింద ఉంది. వాడుకుని అమ్మితే, మార్చిన సోర్స్ కూడా బయటపెట్టాలి. ఒత్తిడి పెరిగి కంపెనీ సోర్స్ విడుదల చేయాల్సి వచ్చింది. దాని మీదే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే స్వేచ్ఛా రౌటర్ సాఫ్ట్‌వేర్ పుట్టింది. ఎంఐటీ తరహా లైసెన్సులు మాత్రం అంత కోరవు. ఏమైనా చేసుకోండి, కాకపోతే రాసినవాళ్ల పేరూ లైసెన్స్ పాఠమూ వెంట ఉంచండి, అంతే.

ఆ ఒక్క షరతు వల్ల డేనియల్ స్టెన్‌బెర్గ్ అనే స్వీడన్ ప్రోగ్రామరుకు విచిత్రమైన మెయిళ్లు వస్తుంటాయి. 1996లో ఆయనకు చాటింగ్ గదిలో పనిచేసే ఒక బాట్ కోసం విదేశీ మారకపు రేట్లు ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోవాల్సిన పని పడింది. బ్రెజిల్‌కు చెందిన రఫాయెల్ సగూలా రాసిన చిన్న ప్రోగ్రాము ఒకటి దొరికింది, పేరు హెచ్‌టీటీపీగెట్. దాన్ని చదివి, తనకు కావలసినవి చేర్చి, మార్పులు తిరిగి పంపాడు. కొన్నాళ్లకు ఆ ప్రోగ్రాము బాధ్యతే ఆయన చేతికొచ్చింది. 1998 మార్చిలో దాని పేరు కర్ల్ అయింది. ఇవాళ అది ఫోన్లలో, టీవీల్లో, కార్లలో, ఆటల యంత్రాల్లో, ఇంటర్నెట్‌కి కలిసే దాదాపు ప్రతి వస్తువులోనూ ఉంటుంది. కార్ కంపెనీలు లైసెన్స్ ప్రకారం తెరమీద ఎక్కడో లోపలి పేజీలో ఆయన పేరూ మెయిలూ పెడతాయి. నావిగేషన్ పనిచేయక విసిగిపోయిన కారు యజమాని మెనూలన్నీ వెతికి, కారు మొత్తంలో కనిపించిన ఆ ఒకే ఒక్క మెయిల్ చిరునామాకు ఫిర్యాదు రాస్తాడు. తన ఇన్‌స్టాగ్రామ్ ఖాతా హ్యాక్ చేసింది నువ్వేనని నిలదీసిన మహిళ కూడా ఒకరున్నారు. యాప్‌లోని లైసెన్సుల పేజీలో ఆమెకు ఆయన పేరే కనిపించింది మరి.